చప్రాసి గొంతు పోయిన ఏడాది

నేను కోర్టులో పనిచేసి రిటైరయ్యానని తెలియగానే జనం దొంగసాక్షుల కథలు చెప్పమంటారు. నా దగ్గర వాటికి కొదవ లేదు. పొలం మొహం చూడకుండానే గట్టు కొలతలు చెప్పినవాణ్ణి చూశాను. బతికున్న అన్నకు తద్దినం పెట్టానని ప్రమాణం చేసినవాణ్ణీ చూశాను. పెళ్లిళ్లలో ఇవన్నీ చెప్పి బంధువుల్ని నవ్వించాను కూడా. ఇవాళ రాసేది మాత్రం ఎక్కడా చెప్పనిది. ఇందులో దొంగసాక్షిని నేనే.

అవి నిజాం సర్కారు చివరి రోజులు. సిద్దిపేట మున్సిఫు కోర్టులో నేను పేష్కారును. అంటే మున్సిఫు వేదిక కింద, తలుపు వైపు బల్ల దగ్గర కూర్చుని, ఒక్కో మిసిల్ పైకి అందిస్తూ, ఆయన చెప్పింది ఉర్దూలో రాసుకునే ఉద్యోగం. ఇప్పటి పిల్లలు మిసిల్ అంటే ఫైలు అనుకుంటే చాలు. నా వయసు ఇరవై ఆరు. చేతిరాత ముత్యాల్లా ఉండేదని పొగరు బాగానే ఉండేది.

అప్పట్లో మైకులూ లేవు, గోడకు అంటించే జాబితాలూ లేవు. అంటించినా చదివేవాడెవడు? పేర్లు పిలవడానికి ఒక చప్రాసి, అంటే బంట్రోతు, ఉండేవాడు. నలభై దాటినవాడు. దుబ్బాక పోయే దారిలో రెండు కోసుల, అంటే నాలుగు మైళ్ల, దూరాన అతని ఊరు. రోజూ నడిచి వచ్చి, రోజూ నడిచి పోయేవాడు. వాళ్ల నాయన ఊళ్లో డప్పు కొట్టి చాటింపు వేసేవాడట, ఆ గొంతే ఇతనికి వచ్చింది. కోర్టు వరండాలో నిలబడి పిలిస్తే కోమటి చెరువు కట్ట మీద బట్టలు ఉతికేవాళ్లు తలెత్తి చూసేవారని మా నాజర్ సాబ్ అనేవాడు. నాజర్ అంటే మా ఆఫీసు సిబ్బంది అందరికీ పెద్ద. గడ్డానికి గోరింటాకు పెట్టుకునే ముసలాయన, నోరు మంచిది కాదు, మనసు మంచిది.

కాయిదా ప్రకారం ప్రతి పేరూ మూడుసార్లు పిలవాలి. మూడుసార్లకూ మనిషి రాకపోతే అతను లేకుండానే తీర్పు. కాయిదాలో ఉన్నది అంతే. చప్రాసి దానికి తన సొంత పద్ధతి ఒకటి కలిపాడు. కోర్టు ఆవరణలో ఏ ఊరివాళ్లు కూర్చునే జాగా వాళ్లకుండేది. దుబ్బాక సాలెలు ఉత్తరం గోడ నీడన, చంద్లాపూర్ దిక్కు రైతులు బావి పక్క వేపచెట్ల కింద, సావుకార్లు వరండా మెట్ల మీద. చప్రాసి ముందు ఊరి పేరు చూసి ఆ దిక్కుకు తిరిగి, తండ్రి పేరుతో కలిపి మొదటి పిలుపు పిలిచేవాడు. రెండోది చాయ్ హోటలు దిక్కు. మూడోది మెట్లు దిగి గేటు దాకా పోయి. ఆ గొంతు ఉన్నన్నాళ్లు పిలుపు వినిపించక కేసు పోగొట్టుకున్నవాడు లేడు. పైగా ఆ గొంతు మీద అతనికి ప్రాణం. "సారూ, మున్సిఫ్ సాబు కలం కంటె నా గొంతే ముందుగాల న్యాయం చేస్తది," అనేవాడు నాతో. ఎర్ర పట్టీ, దాని మీద ఇత్తడి బిళ్ల రోజూ తోమి పెట్టుకునేవాడు.

నా పద్ధతి కూడా ఒకటి చెప్పాలి. ప్రతి మిసిల్‌లో ఆనాటి కాగితం మీద "ముమ్మారు పిలవబడెను" అనే మాట ఉర్దూలో రాసి, తరవాత హాజరు అనో గైర్‌హాజరు అనో పూర్తి చేయాలి. రోజుకు ముప్పై మిసిళ్లు. కాబట్టి పొద్దున్నే కోర్టు తెరవకముందే ముప్పైటిలోనూ ఆ మాట రాసేసి పెట్టుకునేవాణ్ణి. ఎవరినీ పిలవకముందే అందరినీ ముమ్మారు పిలిచేసినట్టు. తప్పని తెలుసు. కానీ చప్రాసి ఎలాగూ మూడుసార్లూ పిలుస్తాడు కదా, ఏమవుతుంది? ముందున్న పేష్కారూ అలాగే చేసేవాడట. అలవాటు తప్పును తప్పులా కనిపించనివ్వదు.

మార్పు దసరా తరవాత మొదలైంది. మొదట అతను ఆలస్యంగా రావడం చూశాను. తరవాత వరండా స్తంభానికి ఆనుకుని నిలబడే నిద్రపోవడం. పేరు చెప్తే విని, కాసేపు ఆలోచించి, అప్పుడు పిలిచేవాడు. ముఖం ఉబ్బింది. కళ్ల కింద సంచులు దిగాయి. నడుముకు పట్టీ చాలక ఇంకో రంధ్రం పొడిపించుకున్నాడు. మాట బరువుగా, నాలుక మందంగా వచ్చేది. ఆ కంచు గొంతు కాస్తా బొంగురుపోయి కప్ప అరిచినట్టయింది. ఎండాకాలం వచ్చాక చూడాలి, మేమంతా చెమటలు తుడుచుకుంటూ చస్తుంటే ఆయన గారు గొంగడి కప్పుకుని కూర్చున్నాడు.

ఇదంతా ఇంకెక్కడైనా జరిగితే రోగమా అని అడిగేవారేమో. మాది కోర్టు. మా ఆవరణలో చప్రాసి లావెక్కాడంటే దానికి ఒక్కటే అర్థం: మామూళ్లు బాగా తింటున్నాడు. కళ్లు వాచాయంటే, మాట తడబడిందంటే కల్లు. లోకంలో అందరి నేరాలకూ సాక్ష్యం అడిగే మేము మా మనిషి నేరానికి ఏ సాక్ష్యమూ అడగలేదు.

"ఏంరా, మామూళ్లు మింగి మింగి మొఖం బూరె లెక్క అయింది!" అనేవాడు నాజర్ సాబ్.

"ఏం మింగుతలేను సాబ్. జొన్నరొట్టె సగం గూడ లోపలికి పోతలేదు."

"మరి గీ కడుపేందిరా? గాలి తిని ఉబ్బిందా?"

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వాను. చప్రాసి కూడా నవ్వేవాడు, మేం నవ్వడం ఆపాక.

హోళీ ముందు ఒక రోజు అతని భార్య కోర్టుకు వచ్చింది. బావి దగ్గర నేను మొహం కడుక్కుంటుంటే ఎదురుగా వచ్చి నిలబడింది. పొలం పని మానుకుని వచ్చినట్టుంది, కాళ్లకు ఇంకా మట్టి ఉంది.

"అయ్యా, పేష్కార్ సారువు నువ్వే కదా? నీ కాల్మొక్త, ఒక్క మాట ఇను. మా ఇంటాయన కల్లు ముడ్తలేడు. దసరా కాడ్నుంచి చుక్క నోట్లె పోసుకోలె. ఊరు ఊరంత తాగుబోతు అంటున్నది. నువ్వన్న నమ్ము."

"తాగకుంటే అట్ల ఎందుకున్నడమ్మా?"

"గదే నాకు సమజైతలేదు. తిండి తింటలేడు, ఒళ్లు పెరుగుతున్నది. ఎండల చలి అంటడు. తల ఎంటికలు రాలుతున్నయి, ఒంటి మీది తోలు మోదుగాకు లెక్క ఎండిపోయింది. పిలిస్తె ఇంత సేపటికి పలుకుతడు. మంత్రం ఏపిచ్చిన, తాయెత్తు కట్టిచ్చిన. నాల్గు దినాలు సెలవిప్పిస్తె దవాఖానకు తోల్కపోత."

"చెప్తలే, మున్సిఫ్ సాబుకు చెప్పి సెలవు ఇప్పిస్త," అన్నాను.

చెప్పలేదు. చెప్పకూడదనేమీ కాదు. ఆ రోజు మున్సిఫ్ సాబు చిరాకుగా ఉన్నారు, మర్నాడు నేను మరిచిపోయాను. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే మీకు చెప్పుకుని బాగుపడేవాణ్ణి.

ఆ మున్సిఫు మాకు కొత్త. వచ్చి నాలుగు నెలలు కూడా కాలేదు. కచ్చితమైన మనిషి, లంచం అన్న మాట వింటే మండిపడేవాడు. ఆయన పీఠం గది లోపలి కొసన. వరండాలో పిలుపు ఎలా ఉందో ఆయనకు తెలిసే వీలు లేదు.

రోహిణి కార్తెలో ఒక రోజు, ఊళ్లో అంగడి. బండ్లు, మేకలు, అమ్మేవాళ్ల కేకలు, బయట ఒకటే గోల. పదకొండో మిసిల్ చంద్లాపూర్ దిక్కు ముసలి రైతుది. కుంట కింద రెండెకరాల తరి పొలం. ఆ ఊరి దొర అది తనదన్నాడు. ముసలాయనకు ఉన్నది అదొక్కటే. ఏడాదిగా ప్రతి తారీఖుకూ తెల్లారకముందే వచ్చి వేపచెట్టు కింద రొట్టెమూట ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఒక్క వాయిదా తప్పింది లేదు.

నేను పేరు చెప్పాను. చప్రాసి తలుపు దగ్గరికి పోయాడు. గొంగడి జారిపోతుంటే సర్దుకున్నాడు. వేపచెట్ల దిక్కు తిరిగాడు, అది మాత్రం మరవలేదు. పిలిచాడు. అయిదడుగుల దూరంలో ఉన్న నాకే సగం వినిపించింది. ఆయాసపడి, తలుపు చౌకట్టు పట్టుకుని రెండోసారి పిలిచాడు. మూడోసారి పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. మెట్లు దిగలేదు, గేటు దాకా పోలేదు. తిరిగి వచ్చి తన జాగాలో నిలబడ్డాడు.

నేను కళ్లారా చూశాను. నా ముందు కాగితం మీద ముమ్మారు పిలవబడెను అని పొద్దున్నే రాసి ఉంది, సిరా కూడా ఎండిపోయింది. లేచి నేను ఒక కేక వేయొచ్చు. వేపచెట్టు దగ్గరికి మనిషిని పంపొచ్చు. దాని పక్కన "గైర్‌హాజరు" అని పూర్తి చేసి మిసిల్ పైకి అందించాను. దొర వకీలు ఒక్క నిమిషం మాట్లాడాడు. పొలం పోయింది.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక ముసలాయన వరండాలోకి వచ్చాడు.

"సారూ, నా పేరు ఎప్పుడొస్తది?"

"నీ పేరు వచ్చి పోయింది పెద్దాయనా."

"ఎట్ల పోతది? నేను గాడ్నే ఉంటి గద సారూ! మూత్రానికి గూడ లేవలె!" అని నేల మీద కూలబడిపోయాడు. తరవాత వేసిన కేకకు మున్సిఫ్ సాబు లోపల్నుంచి లేచి వచ్చారు.

విచారణ అక్కడే, నిలబడి జరిగింది. ముసలాయన తనను పిలవనే లేదన్నాడు. వేపచెట్ల కింద కూర్చున్న మిగతావాళ్లూ మాకూ వినిపించలేదన్నారు. మున్సిఫ్ సాబు చప్రాసి వైపు తిరిగి ఉర్దూలో అడిగారు: పిలిచావా? చప్రాసి ఉబ్బిన కళ్లెత్తి, చాలాసేపటికి, మందంగా, "పిలిచిన హుజూర్," అన్నాడు. మున్సిఫ్ సాబు ముక్కు చిట్లించారు. తాగాడనుకున్నారు.

తరవాత నన్ను అడిగారు.

"మూడుసార్లు పిలిచాడా?"

రెండే అంటే నా కాగితం అబద్ధం. "పిలిచాడు హుజూర్," అన్నాను.

"గట్టిగా పిలిచాడా?"

గట్టిగా అంటే ముసలాయన పొలం పోతుంది. ఆయన కింద కూర్చుని నా కాళ్ల వైపే చూస్తున్నాడు. "లేదు హుజూర్. మెల్లగా పిలిచాడు."

"ఇతని గొంతు చాలా పెద్దదని విన్నాను. నిజమేనా?"

ఇక్కడ నేను ఎనిమిది నెలల నుంచి ఇతనికి గొంతే లేదని చెప్పాలి. ఒంట్లో బాగాలేదని భార్య వచ్చి మొరపెట్టుకుందని చెప్పాలి. చెప్తే, మరి ఎనిమిది నెలలుగా నువ్వు రాసిన కాగితాల సంగతేమిటని అడుగుతారు. "నిజమే హుజూర్," అన్నాను.

అంతే. మున్సిఫ్ సాబుకు లెక్క తేలిపోయింది. పెద్ద గొంతున్నవాడు మెల్లగా పిలిచాడంటే దొర మనిషి చేయి తడిపాడు. ముసలాయన మీది తీర్పు రద్దు చేసి కొత్త తారీఖు ఇచ్చారు. చప్రాసిని లంచగొండి అని రాసి నౌకరీ నుంచి తీసేశారు. ఆ రాయడం నా చేతే రాయించారు. నా ముత్యాల్లాంటి రాతతో రాశాను.

నాజర్ సాబ్ పట్టీ, బిళ్ల విప్పి తీసుకున్నాడు.  మెట్లు దిగుతూ చప్రాసి నా దగ్గర ఆగాడు. నన్ను తిడతాడనుకున్నాను.

"సారూ, మూడోసారి నా గొంతు లేసిందా? నాకు యాదికొస్తలేదు," అన్నాడు.

"లేచింది," అన్నాను.

"మంచిది," అని గొంగడి కప్పుకుని ఎండలో పోయాడు.

వానాకాలంలో నా కొడుకుకు జ్వరం వస్తే దవాఖానకు తీసుకుపోయాను. అక్కడికి కొత్తగా ఒక డాక్టరు వచ్చాడు, రెండో ప్రపంచ లడాయిలో పనిచేసి వచ్చినవాడు. లోపల బల్ల మీద చప్రాసి కూర్చుని ఉన్నాడు. మొదట గుర్తుపట్టలేదు. కనుబొమ్మల చివర్లు రాలిపోయి, ముఖం మైనంతో చేసినట్టుంది. భార్య బండి కట్టించుకుని తెచ్చిందట. నన్ను చూసి ముఖం తిప్పుకుంది.

డాక్టరు కాలి వాపు నొక్కి చూశాడు, చర్మం తడిమాడు, గొంతు విన్నాడు. కుర్చీ మీద మోకాళ్లేయించి, మడమ వెనక నరం మీద చిన్న సుత్తితో తట్టాడు. పాదం ముందుకు కదిలింది. వెనక్కి రావడానికి మాత్రం నిద్ర నుంచి లేచినంత సేపు తీసుకుంది. మళ్లీ తట్టాడు. మళ్లీ అంతే.

"ఇతను తాగుతడని ఎవరన్నరు?" అని అడిగాడు.

"ఊరు, కోర్టు, అందరన్నరు," అంది భార్య, నా వైపు చూడకుండా.

"అందరికీ బుద్ధి లేదు. ఇగో, మెడ ముందర ఇక్కడ ఒక గ్రంథి ఉంటది. పొయ్యిల మంట లెక్క, అది ఒంటిని నడిపిస్తది. ఇతనిది ఆరిపోతున్నది. అందుకే చలి, అందుకే నిద్ర, అందుకే వాపు. గొంతు లోపల గూడ వాచింది, ఇంక పిలుపు ఎక్కడ్నుంచి వస్తది?"

ఇప్పుడు ఇంటికొకరు పొద్దున్నే పరగడుపున చిన్న మాత్ర మింగి, థైరాయిడ్ తక్కువుందట అని టీ తాగినంత తేలిగ్గా చెప్తున్నారు. అప్పుడు ఆ మాట నేను వినడం అదే మొదలు. ఆ నాలుగు ముక్కలూ వింటుంటే నా చేతిలో పిల్లవాడి ఒళ్లు కాలుతోందన్నది కూడా మరిచిపోయాను.

మందు ఉందన్నాడు డాక్టరు. గొర్రె మెడలోని అదే గ్రంథిని ఎండబెట్టి చేసిన మాత్రలు, పట్నం నుంచి తెప్పించాలి.

"ఎన్ని దినాలు మింగాలె సారూ?" అని ఆమె అడిగింది.

"బతికినన్ని దినాలు. నయమైనట్టే ఉంటది. ఆపితె మళ్ల మొదటికొస్తది."

మాత్రలు తెప్పించే పని నేను మీద వేసుకున్నాను. బస్సు డ్రైవరు నాకు తెలిసినవాడు, నెలకోసారి సీసా తెచ్చేవాడు. అది నా మంచితనమని ఆమె అనుకోలేదు, నేనూ అనుకోలేదు. మూడు వారాలకు వాపు దిగింది. దీపావళి దాటాక ఒక పొద్దున కోర్టు మొదలవకముందే గేటు దగ్గర్నుంచి ఎవరో నా పేరు, మా నాయన పేరు, మా ఊరు పేరు కలిపి పిలిచారు. ఆవరణలో అందరూ తలలు తిప్పారు. గొంగడి లేకుండా, చిక్కి, సగం మనిషిలా చప్రాసి నిలబడి నవ్వుతున్నాడు. నాజర్ సాబ్ పరుగెత్తి పోయి కౌగిలించుకుని, గడ్డం తడిసేలా ఏడ్చాడు.

"ఇన్నేండ్లు గొర్రెను నేను తింటి, ఇప్పుడు గొర్రె నన్ను బతికిస్తున్నది సాబ్!" అన్నాడు చప్రాసి. తరవాత నన్ను పక్కకు పిలిచాడు. "సారూ, నౌకరి ఇయ్యకున్నా మాయె. కూలి చేసుకొని బతుకుత. లంచం తిన్నడన్న గా ఒక్క మాట తీసేపియ్యి. నా బిడ్డ నీళ్లకు పోతె బాయికాడ గదే మాట అంటున్రు. దొర మనిషి గడప నేను తొక్కలె. నువ్వెరుగవా?"

నేనెరుగుదును. డాక్టరు దగ్గర చీటీ తెచ్చి, నా చేత్తో దరఖాస్తు రాసి మున్సిఫ్ సాబు ముందు పెట్టాను. ఆయన చదివి తిరిగి ఇచ్చారు. ఇప్పుడు జబ్బు ఉందని డాక్టరు రాశాడు, సరే. పిలిచిన రోజు గొంతు లేదని ఎవరు చూశారు? చూసినవాడు ఉంటే చెప్పమను, లంచం మాట కొట్టేస్తాను. ఎవరైనా ఉన్నారా?

గదిలో ఉన్నది ఆయన, నేను. "కనుక్కుంటాను హుజూర్," అన్నాను.

కనుక్కునేదేముంది? ఈ మున్సిఫు ఎలాగూ ఒకటి రెండేళ్లలో బదిలీ అవుతాడు, వచ్చేవాడు మెత్తనివాడైతే అప్పుడు చెప్దాం అనుకున్నాను. నాకు అప్పుడు ఇద్దరు పిల్లలు. మూడో కాన్పు దగ్గర పడింది. చప్రాసి తారీఖులకు వచ్చే రైతులాగే నెలనెలా వచ్చి అడిగేవాడు. "ఇంకా విచారణలో ఉంది," అనేవాణ్ణి. "మంచిది సారూ, మీరున్నరు గద," అనేవాడు. ఏడాది పైన అలా గడిచింది.

ఆ తరవాత రోజులు ఎలాంటివో పెద్దలనడిగితే చెప్తారు. రజాకార్ల గడబిడ ముదిరింది, బస్సులు ఆగిపోయాయి, పట్నం నుంచి ఉప్పు రావడమే గగనమైంది. గొర్రె మాత్రలు ఎవరు తెస్తారు? ఉన్న సీసాతో చప్రాసి భార్య రోజు మార్చి రోజు వేసిందట. తరవాత సగం విరిచి వేసిందట. తరవాత వారానికి ఒకటి. సైన్యం వచ్చి దారులు తెరుచుకున్నాక నేను మొదటి బస్సుకే డ్రైవరును మందుల దుకాణానికి పంపాను. సీసా వచ్చేసరికి చలికాలం. మనిషిని ఇచ్చి ఊరికి పంపాను. వాడు సీసా అలాగే వాపసు తెచ్చి నాజర్ సాబ్ చేతికిచ్చాడు. మూడు రోజుల కింద చప్రాసి కుంపటి పక్కన పడుకుని, తెల్లారి లేవలేదట.

ఆ సీసా నా బల్ల మీద పెట్టి నాజర్ సాబ్ వెళ్లిపోయాడు.  ఆయన నోరు మంచిది కాదని రాశాను కదా, ఆ రోజు తిట్టి ఉంటే బాగుండేది.

కొత్త మున్సిఫు వచ్చిన వారానికి అంతా చెప్పాను. పొద్దున్నే ముమ్మారు అని రాయడం, మూడో పిలుపు రాకపోవడం, ఎనిమిది నెలల బొంగురు గొంతు, భార్య వచ్చి అడగడం. ఆయన పూర్తిగా విన్నారు. చప్రాసి మీద లంచం మాట కొట్టేస్తూ హుకుం రాశారు. నన్ను మందలించి, ఇకముందు అలా రాయనని మాట తీసుకున్నారు. చనిపోయిన మనిషి కోసం బతికున్నవాడి నౌకరీ ఎందుకు తీయాలన్నారు. నేను చేతులు జోడించాను. సంతోషించాను కూడా. రాయకుండా ఉండలేను.

హుకుం నకలు తీసుకుని చప్రాసి ఊరికి నేనే పోయాను. అతని భార్య వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. కాగితం చేతికిచ్చి అందులో ఉన్నది చెప్పాను. అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి నాకే ఇచ్చింది.

"నాకు సదువు రాదు. గీ ఊరికీ రాదు. కాయితం పెట్టెల దాసిపెట్టి నేనేం జేస్త సారూ? ఆయన లంచం తినలేదని ఊరందరికి ఇనవడెతట్టు చెప్పు. అన్నది అందరు గద."

నన్ను చావడి దగ్గరికి తీసుకుపోయింది. పాతికమంది దాకా పోగయ్యారు. నేను జీవితమంతా చెవిలో చెప్పినట్టు మాట్లాడినవాణ్ణి, మున్సిఫుల పక్కన కూర్చునేవాడికి అదే అలవాటు. హుకుం తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. వెనకనుంచి ఎవరో, "ఇనవడ్తలేదు," అన్నారు. "గట్టిగ చెప్పు సారూ," అంది ఆమె. గొంతు పగిలేలా మళ్లీ మొదటినుంచి చెప్పాను. అతను తాగలేదని, లంచం తినలేదని, అతని మెడలో రోగం ఉండిందని. చెప్పి కాగితం మడవబోయాను.

"అయితె గా దినం ఎందుకు చెప్పలె?" అంది ఆమె. అరవలేదు. మామూలుగా అడిగింది.

అది కాగితంలో లేదు. అది కూడా చెప్పాను, అంతే గట్టిగా. నేను రాసిన అబద్ధం బయటపడుతుందని, నౌకరీ పోతుందని భయపడ్డానని చెప్పాను. చెప్తుంటే ఏడుపొచ్చింది. ఆమె ఏడవలేదు.

చావడి అరుగు మీద కర్ర పట్టుకుని కూర్చున్న ఒక ముసలాయన అంతా విన్నాడు. నా ఏడుపు ఆగేదాకా ఆగాడు.

"మరి నీ నౌకరి పోయిందా సారూ?" అని అడిగాడు.

"పోలేదు," అన్నాను.